పురిటికొచ్చిన పక్షుల్ని చూసొద్దాం, రండి



కార్తీకమాసం వనభోజనాలు అయిపోయాయి. సంక్రాంతి పిండివంటల హడావుడి ఇంకా మొదలు కాలేదు. ఈ మధ్యలో ఒక ఆదివారం ఇంట్లో అందరికీ ఖాళీ దొరికితే ఏం చేస్తాం? సినిమాకో, బజారుకో, లేదంటే బంధువుల ఇంటికో వెళ్తాం. ఈసారి అలా కాకుండా తెల్లవారుజామునే లేచి, ఇంత పులిహోర కలుపుకుని, మంచినీళ్ళు సర్దుకుని, నేలపట్టుకీ పులికాట్ సరస్సుకీ వెళ్ళి రండి. ఎలా వెళ్ళాలో, అక్కడ ఏం చూడాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో నాకు తెలిసినంత చెబుతాను. చేయకూడనిది నేను చేసి మరీ తెలుసుకున్నాను గనుక కాస్త గట్టిగానే చెబుతాను.

మా ఇంట్లో ఈ మాట ఎత్తగానే మా అత్తయ్య ఏమన్నారో తెలుసా? "నాలుగు కాకులు మన పెరట్లో వేపచెట్టు మీదే ఉన్నాయి గదమ్మా, పక్షుల్ని చూడ్డానికి రైలెక్కి పోవాలా?" అన్నారు. మావారు పేపరు చాటున నవ్వుకున్నారు. మా చిన్నవాడు మాత్రం స్కూల్లో ఎవరిదో బైనాక్యులర్స్ అడిగి తెచ్చుకున్నాడు. పిల్లవాడు అంత సరదా పడ్డాక ఇక మానడానికి వీల్లేదు కదా!

ముందు దారి చెబుతాను. నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే జాతీయ రహదారి మీద గూడూరు, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే, రోడ్డుకి కాస్త లోపలగా నేలపట్టు ఉంది. ఇంకొంచెం దక్షిణంగా వెళ్తే సూళ్ళూరుపేట. అక్కడి నుంచి తూర్పుకి తిరిగితే పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట. దొరవారిసత్రం, సూళ్ళూరుపేట రెండూ రైలు స్టేషన్లే, కానీ దొరవారిసత్రంలో అన్ని బళ్ళూ ఆగవు. ఇవన్నీ తరతరాలుగా నెల్లూరు జిల్లా కిందే ఉండేవి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలో చేరాయి. మా అత్తయ్య దృష్టిలో మాత్రం అవి ఇప్పటికీ నెల్లూరే.

ఎప్పుడు వెళ్ళాలన్నది దారి కన్నా ముఖ్యం. ఓసారి వేసవి సెలవల్లో మా ఆడపడుచు పిల్లల్ని వెంటబెట్టుకుని ఎండన పడి వెళ్ళింది. నెర్రెలు విచ్చిన నేల, వడగాలి చూసి తిరిగొచ్చింది. మన నెల్లూరు సీమకి వాన ఎప్పుడొస్తుంది? ఆషాఢ శ్రావణాల్లో చినుకులే. అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో పడేదే. ఆ వానకి నేలపట్టు చెరువు నిండాలి, పులికాట్ లోకి మంచినీళ్ళు చేరాలి. అప్పుడే చేప, అప్పుడే పక్షి. కనుక అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా మంచి కాలం. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు మరీ మంచివి. ఆ ఏడు వానలు మొహం చాటేస్తే పక్షులూ చాటేస్తాయి. బయల్దేరే ముందు అటువైపు తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి "చెరువులో నీళ్ళున్నాయా?" అని అడగడం ఉత్తమం.

నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం 1976లో ఏర్పడింది. చెరువూ, చుట్టూ ఉన్న చిట్టడవీ కలిపి సుమారు 459 హెక్టార్లు, అంటే 1,100 ఎకరాల పైమాటే. చెరువు నీళ్ళలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. నెలల తరబడి మొదలు నీళ్ళలో నానినా ఈ చెట్టు చావదు. పక్షులకి కావలసింది అదే. చుట్టూ నీళ్ళుంటే పిల్లీ నక్కా చెట్టు దగ్గరకి రాలేవు. కోటకి కందకం తవ్వినట్టు, తవ్వే పని లేకుండా చెరువే కందకమైంది.

మేం వెళ్ళేసరికి పొద్దున ఏడున్నర. గట్టు ఎక్కకముందే గోల వినిపించింది. పెళ్ళివారి విడిదింట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టు! గట్టెక్కి చూస్తే చెట్లకి ఆకు కనబడలేదు, అంతా తెలుపే. మా అత్తయ్య "ఇదేందమ్మా, చెట్లకి పత్తి కాసినట్టుంది" అన్నారు. ఆ తర్వాత పెరట్లో కాకుల ఊసెత్తలేదు.

ఆ తెలుపులో ఎక్కువ భాగం గూడబాతులు. పెలికాన్ అని పిల్లల పుస్తకాల్లో చూసి ఉంటారు. రెక్కలు చాపితే ఈ చివరి నుంచి ఆ చివరికి ఎనిమిది అడుగుల దాకా ఉండే పెద్ద పక్షి. పొడుగాటి ముక్కు కింద తోలుసంచి వేలాడుతుంది. పై ముక్కు అంచున చుక్కలుంటాయి. పొలాల్లో ఇద్దరు మనుషులు చెరో పక్క తాడు పట్టుకుని గూడ వేసి నీళ్ళు తోడేవాళ్ళు, మీలో పల్లెటూరు ఎరిగినవాళ్ళకి గుర్తుంటుంది. ఈ పక్షి కూడా ఆ సంచితో నీళ్ళని అలాగే తోడుతుంది. పేరు అందుకే వచ్చిందని నా ఊహ. సంచిలో చేపలు దాచుకుంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది దాచుకునే సంచి కాదు, పట్టే వల. నీళ్ళతో సహా చేపని తోడి, ముక్కు కిందికి వంచి నీళ్ళు కార్చేసి, చేపని మింగేస్తుంది. గూటికొచ్చాక సగం అరిగిన ఆ చేపని మళ్ళీ పైకి తెచ్చి పిల్లలకి పెడుతుంది. పిల్లలు తల్లి సంచిలోకి తల మొత్తం దూర్చి తింటాయి. మొదటిసారి చూస్తే తల్లి పిల్లని మింగేస్తోందేమోనని భయమేస్తుంది! మా చిన్నవాడు నిజంగానే కేకవేయబోయాడు.

ఇంకో సంగతి. మగపక్షి పుల్లలు ఏరుకొస్తే ఆడపక్షి గూడు అల్లుతుంది. రెండూ వంతుల వారీగా సుమారు నెల రోజులు గుడ్లు పొదుగుతాయి. రెండూ పిల్లలకి తిండి తెస్తాయి. ఈ ముక్క నేను కాస్త గట్టిగా చదివి వినిపిస్తే మావారు బైనాక్యులర్స్ లోంచి కళ్ళు తీయలేదు.

గూడబాతులతో పాటు ముక్కు మధ్యలో సందు ఉన్న నత్తగుల్ల కొంగలు ఉంటాయి. ఆ సందు నత్తల్ని పట్టుకుని గుల్లలోంచి మాంసం లాగడానికి పనికొస్తుంది. మన అట్లకాడకీ పట్టకారుకీ తేడా ఉన్నట్టే, ఏ ముక్కు ఆకారం ఆ పనికే. వరిపొలాల్లో నత్తల్ని ఏరి తినే ఈ కొంగ రైతుకి కూలి అడగని పనిమనిషి. నల్లటి నీటికాకులు నీళ్ళలో మునిగి చేపలు పట్టి, బయటికొచ్చి రెక్కలు చాపుకుని ఎండలో ఆరబెట్టుకుంటాయి, మనం దండెం మీద చీరలు ఆరేసినట్టు. తెల్ల కంకణాలకి తల నల్లగా, ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. సాయంత్రం దాకా ఉంటే రాత్రి కొంగలు డ్యూటీకి బయల్దేరడం చూడవచ్చు. మిగతావన్నీ గూళ్ళకి వస్తుంటే ఇవి పనికి పోతుంటాయి.

ఇక్కడ ఒక పొరపాటు మాట సరిచేయాలి. "ఈ పక్షులన్నీ సైబీరియా నుంచి గుడ్లు పెట్టడానికి వస్తాయి" అని ఏటా వింటాం, చదువుతాం. అది నిజం కాదు. నేలపట్టులో గుడ్లు పెట్టే గూడబాతులూ, కొంగలూ, కంకణాలూ మన దేశపు పక్షులే. నీళ్ళనీ చేపల్నీ బట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతుంటాయి, అంతే. దూర దేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. హిమాలయాలకి అవతల చలికి నీళ్ళు గడ్డకట్టిపోతే తిండి కోసం ఇటు వస్తాయి, ఎండలు ముదరగానే వెళ్ళిపోతాయి. అవి గుడ్లు పెట్టేది వాళ్ళ ఊళ్ళోనే. అంటే కొన్నేమో పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు, కొన్నేమో శీతాకాలపు సెలవలకొచ్చిన చుట్టాలు.

ఈ పురిటి మాట నాది కాదు. ఇలాంటి పక్షులున్న చాలా పల్లెల్లో పెద్దవాళ్ళు అనేదే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊళ్ళో చింతచెట్ల మీదే గూడబాతులు గూళ్ళు పెడతాయి. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని అక్కడ నమ్మకం. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువే వాటి విడిది. తమిళనాట వేడంతాంగళ్ రైతులైతే పక్షుల్ని ఎవరూ కాల్చకూడదని 1798లోనే కంపెనీ కలెక్టరు దగ్గర కాగితం రాయించుకున్నారని చెబుతారు. ఊరికే జాలి అనుకోకండి, లాభం కూడా ఉంది. వేల పక్షుల రెట్ట పడిన చెరువునీళ్ళు పొలానికి పారితే అదే ఎరువు.

మరి పక్షులు ఒక ఊరిని నమ్ముకున్నాక ఎప్పటికీ ఉంటాయా అంటే, లేదు. 1946లో కె.కె. నీలకంఠన్ గారనే పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామం దగ్గర గూడబాతుల పెద్ద కాలనీని చూసి లోకానికి తెలియజేశారు. తర్వాత కొన్నేళ్ళకి అక్కడ గూళ్ళు లేకుండా పోయాయి. పక్షికి పట్టాలూ దస్తావేజులూ ఉండవు. చెట్టు పోయినా, చేప తగ్గినా, మనుషుల గోల ఎక్కువైనా రావడం మానేస్తుంది.

నేలపట్టులో కాపలా ఉన్న పెద్దాయన మాకు ఈ సంగతే చెప్పారు. ముందు నా చీర చూసి, "ఇంకోసారి వచ్చేటప్పుడు ఇంత ఎర్రచీర కట్టుకోమాకండమ్మా. ఆకుపచ్చో, మట్టిరంగో అయితే మంచిది" అన్నారు. తర్వాత, "ఎవరో చప్పట్లు కొడతారు, ఈల వేస్తారు. పక్షులు లేస్తే ఫోటో బాగా వస్తుందంట. పెద్దపక్షి గూటి మీద నుంచి లేచిందా, కాకి ఒక్క నిమిషంలో గుడ్డు పొడుచుకుపోతుంది. బెదిరి పిల్ల గూట్లోంచి కింద పడితే తల్లి మళ్ళీ ఎత్తుకోలేదు. అది పోయినట్టే" అన్నారు. ఎండ సంగతి కూడా చెప్పారు. ఈకలు రాని పిల్లలకి మధ్యాహ్నపు ఎండ తట్టుకునే శక్తి ఉండదు. కొంగలు రెక్కలు గొడుగులా పట్టుకుని నీడనిస్తాయి. ఆ గొడుగు అరగంట లేకపోతే పసిదాని పని అంతే. పురిటి గది ముందు డప్పు వాయించేవాళ్ళని మనం ఏమంటాం? అందరం బుద్ధిగా తలలూపాం. నేను అందరికన్నా ఎక్కువ ఊపాను.

మధ్యాహ్నానికి సూళ్ళూరుపేట చేరాం. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి వెళ్ళాం. రాత్రీ పగలూ తలుపు మూయని గుడి అది. రాకెట్ ప్రయోగించే ముందు శాస్త్రవేత్తలు కూడా వచ్చి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని వెళ్తారు. అక్కడ చెట్టుకింద పులిహోర తిని, ఎండ తగ్గాక శ్రీహరికోట రోడ్డు పట్టాం.

ఆ రోడ్డే ఒక వింత. సరస్సు మధ్యలోంచి గట్టు వేసినట్టు పోతుంది. రెండు పక్కలా నీళ్ళు. పులికాట్ మన దేశంలో చిల్కా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. అధిక భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. సముద్రానికీ దీనికీ మధ్య అడ్డుగోడ శ్రీహరికోట దీవి. 1971లో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఒక పక్క రాకెట్లు, ఒక పక్క కొంగలు!

అటకానితిప్ప ప్రాంతానికి వచ్చేసరికి దూరంగా నీళ్ళ మీద గులాబీరంగు గీత కనిపించింది. బైనాక్యులర్స్ పెడితే అవన్నీ ఫ్లెమింగోలు. మనవాళ్ళు రాజహంసలంటారు కానీ, హంస జాతికీ వీటికీ సంబంధం లేదు. కర్రల్లాంటి కాళ్ళు, పాములాంటి మెడ, మధ్యలో వంగిన ముక్కు. అన్ని పక్షులూ తల నిటారుగా పెట్టి తింటే ఇది తల తలకిందులు చేసి, ముక్కుని జల్లెడలా నీళ్ళలో ఆడిస్తుంది. నాలుకతో నీళ్ళు లోపలికి లాగి, అంచులనున్న సన్నటి పళ్ళెల గుండా బయటికి వదిలేస్తుంది. నాచూ, చిన్నచిన్న పురుగులూ, పొట్టురొయ్యల్లాంటివీ లోపల మిగులుతాయి. మనం పిండి జల్లించినట్టే. ఆ గులాబీ రంగు కూడా తిండితో వచ్చేదే. క్యారెట్ కి రంగునిచ్చే పదార్థం లాంటిదే ఆ నాచులోనూ రొయ్యల్లోనూ ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు బూడిదరంగే, తినగా తినగా రంగు తేలుతుంది. వెనక్కి వంగే మోకాలు అనుకుంటామే, అది మోకాలు కాదు, మడమ. మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. ఇవి మన దగ్గర గుడ్లు పెట్టవు. గుజరాత్ లోని కచ్ రణ్ లో బురదని చిన్న దిబ్బలా పేర్చి, దాని మీద ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడతాయి. ప్రఖ్యాత పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ 1945లో అక్కడికి వెళ్ళి లక్షల పక్షుల్ని చూశారు.

ఇక నా తప్పు చెప్పాలి. మా చిన్నవాడు, "అమ్మా, రెక్కలు విప్పితే లోపల ఎరుపూ నలుపూ ఉంటుందంట, ఒక్కసారి ఎగిరితే బాగుండు" అన్నాడు. ఇక్కడ గూళ్ళు లేవు కదా, గుడ్లు లేవు కదా అనుకున్నాను. దగ్గరగా ఉన్న గుంపు వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి గట్టిగా నాలుగు చప్పట్లు కొట్టాను. గుంపంతా ఒక్కసారిగా లేచింది. నిజం చెప్పాలంటే నా జన్మలో అంత అందం చూడలేదు. నీళ్ళ మీద నిప్పు అంటుకున్నట్టు ఎరుపు. పిల్లలు కేరింతలు కొట్టారు. అవి చాలా దూరం పోయి, కంటికి ఆనీ ఆనని చోట దిగాయి. మళ్ళీ ఇటు రాలేదు.

రోడ్డు పక్కన రొయ్యల తట్ట ముందు పెట్టుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. "ఏందమ్మా, ఇస్తరి ముందు కూచున్నోళ్ళని లేపేస్తివే" అంది. కోపంగా కాదు, మామూలుగానే. నాకు తల కొట్టేసినట్టయింది. "మీ వాళ్ళు వలలు వేస్తే మాత్రం అవి లేవవా అవ్వా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక. "మా నడక వాటికి తెలుసు తల్లీ. మేం మెల్లంగా పోతాం, అవి మెల్లంగా జరుగుతాయి. వాటి కడుపు అవి చూసుకుంటాయి, మా కడుపు మేం చూసుకుంటాం" అంది.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే తెలిసింది. ఆవగింజంత తిండిని గంటల తరబడి జల్లించుకుంటేగానీ కడుపు నిండని పక్షి అది. నాలుగు చప్పట్లకి అది ఎగిరిన దూరానికి ఎన్ని గంటల జల్లింపు ఖర్చయిందో! ఆ తర్వాత ఇంకో కారు ఆగుతుంది, ఇంకో అమ్మ చప్పట్లు కొడుతుంది. ఆదివారం అంతా అదే పని అయితే అవి ఏం తిని కచ్ దాకా ఎగరాలి? పొద్దున అంత బుద్ధిగా తలాడించినదాన్ని సాయంత్రానికి ఎలా మరిచిపోయానో నాకే తెలియదు.

అపరాధం కట్టినట్టు ఆ అవ్వ దగ్గర రొయ్యలు కొన్నాను. ఆమె తూస్తూ తూస్తూ చెప్పిన మాటలు మరో రకమైన బాధ. ఈ సరస్సుకి ప్రాణం సముద్రంతో కలిసే మొగలే. రాయదొరువు, తూపిలిపాలెం దగ్గర, తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర ఆ మొగలున్నాయి. పోటుకి సముద్రపు నీళ్ళు లోపలికొస్తాయి, వాటితో చేపపిల్లా రొయ్యపిల్లా వస్తాయి. వానాకాలంలో కాళంగీ, స్వర్ణముఖీ తెచ్చే మంచినీళ్ళు కలుస్తాయి. ఆ ఉప్పూ తీపీ సమపాళ్ళలో ఉంటేనే పంట. మొగల్ని ఇసుక పూడ్చేస్తే సముద్రం రాదు, వేసవిలో ఎండకి నీళ్ళు ఆవిరై సముద్రం కన్నా ఉప్పగా మారి, ఉత్తరపు వైపు సరస్సు మైళ్ళ తరబడి ఎండిపోతుంది. మనం నడిచే ఆ అందమైన రోడ్డు గట్టు కూడా నీళ్ళ రాకపోకలకి అడ్డే. మొగల్లో ఇసుక తీయించాలని ఎన్నో ఏళ్ళుగా మత్స్యకారులు అడుగుతున్నారు. పక్షులు తినేదీ, ఆ అవ్వ తట్టలో ఉన్నదీ ఒకే మొగలోంచి రావాలి.

2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. జనం, దుకాణాలు, పాటలు ఇష్టమైతే అప్పుడు వెళ్ళండి. పక్షులు కావాలంటే ఆ రోజులు తప్పించి, మామూలు రోజున వెళ్ళండి. ఇది నా అభిప్రాయం మాత్రమే.

సర్దుకోవలసినవి: టోపీ లేదా గొడుగు, మంచినీళ్ళు, బైనాక్యులర్స్. తినేవి స్టీలు డబ్బాల్లో పెట్టండి, ప్లాస్టిక్ సంచులు వద్దు. గాలికి ఎగిరి నేరుగా చెరువులో పడతాయి. సెల్ ఫోన్ మోత ఆపేయండి. నేలపట్టులో పొద్దున తొమ్మిదిలోపు, పులికాట్ దగ్గర సాయంత్రం నాలుగు తర్వాత చూడాలి. మధ్యాహ్నం ఎండకి నీళ్ళ మీద ఆవిరి ఆడి ఏదీ సరిగ్గా కనబడదు. సరస్సు మీద పడవ ఎక్కాలనుంటే తడ దగ్గర భీమునివారిపాలెం వెళ్ళాలి. చిన్న పిల్లలుంటే కాస్త జాగ్రత్త. కార్లో వెళ్ళేవాళ్ళు శ్రీహరికోట రోడ్డు మీద వాహనం బాగా పక్కకి ఆపి దిగండి, ఆ దారిన బరువు బళ్ళు తిరుగుతుంటాయి.

సంక్రాంతి వెళ్ళాక మేం మళ్ళీ పోతున్నాం. నేను మట్టిరంగు నేతచీర ఒకటి తీసి పెట్టుకున్నాను. మా అత్తయ్య నిన్ననే అడిగారు, "ఏమ్మా, ఆ దుర్భిణీ కళ్ళజోడు మీద నుంచే పెట్టుకోవచ్చా?" అని. పెట్టుకోవచ్చు. కళ్ళకి ఆనే చోట రబ్బరు అంచులుంటాయి, వాటిని వెనక్కి మడిస్తే సరిపోతుంది.